మీ ఊరి మాటను మీ గొంతుతోనే విక్షనరీకి ఎక్కించడం ఎలా?

నిఘంటువు తెరిస్తే మాట దొరుకుతుంది, అర్థం దొరుకుతుంది. పలికే తీరు మాత్రం దొరకదు. ‘చాప’లో చ వేరు, ‘చేప’లో చ వేరు, రాతలో రెండింటికీ ఒకటే అక్షరం. ‘మేక’ అన్నప్పుడు నోరు కాస్త ఎక్కువ తెరుస్తాం, ‘మేకు’ అన్నప్పుడు తెరవం. పరాయి దేశంలో పెరిగే మనవడికి ఈ తేడా తెలియాలంటే ఎవరో ఒకరు పలికి వినిపించాలి. వికీపీడియాలాగే అందరూ కలిసి రాసే ఉచిత ఆన్‌లైన్ నిఘంటువు విక్షనరీలో ఆ పని చేయడానికి స్టూడియో అక్కర్లేదు. ల్యాప్‌టాప్, ఓ మోస్తరు మైకు, చప్పుడు లేని గది చాలు.

సాధనం పేరు లింగువా లిబ్రె. వికీమీడియా ఫ్రాన్స్ సంస్థ నడిపే ఉచిత వెబ్‌సైటు ఇది. 2018లో దాన్ని కొత్తగా తిరగరాశారు. ఈ సైటు పుట్టక ముందు ష్టూకా అనే ప్రోగ్రాము ఇదే పని చేసేది: తెర మీద ఒక మాట చూపిస్తుంది, మీరు పలుకుతారు, అదే కత్తిరించి దాచుకుని తర్వాతి మాట చూపిస్తుంది. ఆ ఆలోచనే బ్రౌజరులోకి వచ్చింది. పలికిన మాటలన్నీ వికీమీడియా వాళ్ల ఉచిత ఫైళ్ల నిల్వ అయిన వికీమీడియా కామన్స్‌కు చేరతాయి. అక్కడి నుంచి విక్షనరీ, వికీపీడియా, ఇంకెవరైనా వాడుకోవచ్చు.

ముందు గది, తర్వాత మైకు

రికార్డింగులు పాడయ్యేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వల్ల కాదు, ఫ్యాను వల్ల. నెల్లూరు ఎండల్లో ఫ్యాను ఆపమంటే కష్టమే, కానీ ఆపాల్సిందే. కాబట్టి వేళ చూసుకోవాలి. మధ్యాహ్నం వద్దు. తెల్లవారుజామున గుడి మైకు మొదలయ్యే లోపు గానీ, రాత్రి పది దాటాక గానీ 20 నిమిషాలు చాలు. రొయ్యల గుంటల దగ్గర ఇల్లున్నవాళ్లకు రాత్రి కూడా నీళ్లను చిలికే ఏరియేటర్ల హోరు తప్పదు. గుంటల వైపు కిటికీలు మూసి, ఇంటికి అవతలి పక్క గదిలో కూర్చోండి.

శ్లాబు గదిలో ఖాళీ గోడల మధ్య మాట్లాడితే మాట మోగుతుంది. పరుపో, బొంతలో, ఆరేసిన దుప్పట్లో చుట్టూ ఉంటే ఆ మోత తగ్గుతుంది. ఇనప బీరువాకు దూరంగా ఉండండి. అది సన్నగా కంపించి చివరి అక్షరానికి తోక తగిలిస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేయండి. చాలా ఇళ్లలో ఎర్తింగు సరిగా ఉండదు, ఛార్జరు పెట్టి ఉంటే 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యిమనే శబ్దం మైకులోకి దిగుతుంది.

మైకు విషయంలో ఒక్క మాట గుర్తుంచుకోండి: బ్లూటూత్ ఇయర్‌ఫోను వద్దు. దాని మైకు ఆన్ చేయగానే అది ఫోన్‌కాల్ పద్ధతికి మారిపోతుంది, శబ్దం నాణ్యత చాలావాటిలో సెకనుకు 8 వేల నుంచి 16 వేల నమూనాల స్థాయికి పడిపోతుంది. స, శ, ష మధ్య తేడా ఉండేది పై పౌనఃపున్యాల్లోనే. అవే తెగిపోతే ‘సంత’కూ ‘శాంతి’కీ మొదటి అక్షరం ఒక్కలాగే వినిపిస్తుంది. వైరున్న హెడ్‌సెట్ మేలు. దాని మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవుల చివర, రెండు మూడు వేళ్ల దూరంలో పక్కకు పెట్టుకోండి. ఎదురుగా ఉంటే ప, భ, ఫ అన్నప్పుడల్లా ఊపిరి తగిలి డబ్బుమంటుంది. బల్ల మీద పెట్టే యూఎస్‌బీ మైకైతే జానెడు దూరం.

విండోస్ సౌండ్ సెట్టింగుల్లో మైకు స్థాయి 70–80 దగ్గర పెట్టి, ‘ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్’ ఉంటే ఆపేయండి. ఫోన్‌కాల్‌కు అది మంచిదే. ఇక్కడ మాత్రం హ, స లాంటి మెత్తని శబ్దాలతో మొదలయ్యే మాటల తల కొరికేస్తుంది.

ఖాతా, ఆ తర్వాత ‘మాట్లాడే వ్యక్తి’

తెలుగు వికీపీడియాలోనో విక్షనరీలోనో ఖాతా ఉంటే అదే చాలు. లింగువా లిబ్రెలో విడిగా నమోదు చేసుకోనక్కర్లేదు. లాగిన్ నొక్కితే వికీమీడియా పేజీ తెరుచుకుని అనుమతి అడుగుతుంది, ఒప్పుకోండి. ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ వాడండి, మైకు అనుమతి అడిగినప్పుడు ‘అనుమతించు’ నొక్కండి. పొరపాటున కాదంటే చిరునామా పట్టీ ఎడమ చివర ఉన్న గుర్తు నొక్కి మళ్లీ ఇవ్వొచ్చు.

సైటులోని ‘రికార్డింగ్ స్టూడియో’ పేజీలోకి వెళ్లగానే మాట్లాడే వ్యక్తి వివరాలు అడుగుతుంది. ఖాతా మీదైనా గొంతు మీదే కానక్కర్లేదు. అమ్మమ్మకు వేరే ప్రొఫైలు పెట్టి ఆవిడ చేత పలికించవచ్చు, మేం చెప్పేదైతే అలాగే చేయండి. అయితే ముందు ఆవిడకు రెండు సంగతులు చెప్పాలి: ఈ గొంతు లోకమంతా వినొచ్చు, ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోవడం కుదరదు. పేరు బయటపడటం ఇష్టం లేకపోతే మారుపేరు పెట్టుకోవచ్చు.

ఇక్కడ చాలామంది తొందరపడి దాటేసే గడి ఒకటుంది: నివాస స్థలం. ‘ఆంధ్రప్రదేశ్’ అనో, జిల్లా పేరో రాసి ఊరుకోవద్దు. ఉమ్మడి ప్రకాశం జిల్లా సంగతే చూడండి. 1970 ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లాగా ఏర్పరిచారు, 1972లో ప్రకాశం అని పేరు మార్చారు. అద్దంకి మాట గుంటూరు వైపు మొగ్గుతుంది, గిద్దలూరు మాట కర్నూలు వైపు, కనిగిరి, పొదిలి మాట నెల్లూరు వైపు. ‘ప్రకాశం’ అని మాత్రమే ఉన్న రికార్డింగు యాసలు చదివేవాళ్లకు సగమే పనికొస్తుంది. ఊరి పేరు వికీమీడియా వాళ్ల సమాచార నిల్వ అయిన వికీడేటా నుంచి ఎంచుకోవాలి. తెలుగు వికీపీడియాలో పల్లెలకు కూడా పేజీలున్నాయి కాబట్టి మీ ఊరు సాధారణంగా దొరుకుతుంది. ఒకే పేరుతో నాలుగు ఊళ్లు కనిపిస్తే మండలం చూసి ఎంచుకోండి.

భాష తెలుగు, స్థాయి మాతృభాష. లైసెన్సు దగ్గర సీసీ బై-ఎస్‌ఏ 4.0 ఉంచేస్తే చాలు. మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని, మార్చి పంచితే ఇదే లైసెన్సుతో పంచాలని దాని అర్థం.

మాటల జాబితా

మొదటి రోజుకు 50 నుంచి 100 మాటలు. లింగువా లిబ్రె తయారుచేసినవాళ్లు గంటకు వెయ్యి మాటల దాకా చెప్పవచ్చంటారు, నిజమే కావచ్చు, కానీ అరగంట దాటితే గొంతు బొంగురుపోయి చివరి మాటలు మొదటి మాటల్లా ఉండవు.

జాబితాను ముందే నోట్‌ప్యాడ్‌లో రాసి పెట్టుకోండి. ఇల్లు, చెట్టు లాంటివి ఎవరైనా చెబుతారు. మీ వైపు మాటలు ముందు రాయండి: కయ్య, మొలగొలుకులు, గుంటక, కాడి, మేడి. చేపల్లో వంజరం, చందువ, కొరమీను, బొమ్మిడాయి, పండుగప్ప. వంటింట్లో పులిబొంగరాలు. ఏటి పేర్లు పెన్న, గుండ్లకమ్మ, మన్నేరు. స్టూడియోలో ‘ఇప్పటికే రికార్డు చేసినవి తీసేయి’ అనే ఏర్పాటు ఉంటుంది, అదే గొంతుతో ఒకే మాటను రెండోసారి పలికే శ్రమ తప్పుతుంది.

ఒక నియమం మాత్రం గట్టిగా పట్టుకోవాలి. తెర మీద ఏముందో అదే పలకాలి. ‘ఎక్కడ’ అని ఉంటే ‘యాడ’ అనకూడదు. ‘వేరుసెనగకాయ’ అని ఉంటే ‘శెనక్కాయ’ అనకూడదు. అలాగని యాసను వదిలేయమని కాదు. ‘యాడ’, ‘శెనక్కాయ’ జాబితాలో విడి మాటలుగా రాసుకుని వాటినీ పలకండి. విక్షనరీలో ‘పుస్తకము’, ‘పుస్తకం’ లాంటి జంటలు కూడా ఇంతే, ఏ రూపానికి ఆ రూపం. ఎందుకంటే ఫైలు పేరులో మాట చేరిపోతుంది. ‘ఎక్కడ’ అనే ఫైలు నొక్కి ‘యాడ’ అని వింటే నేర్చుకునేవాడు తికమకపడతాడు.

పలకడం

ఎరుపు బటన్ నొక్కి మొదటి మాట పలకండి. ఆగగానే అది దానంతటదే కత్తిరించి రెండో మాట చూపిస్తుంది. ప్రతి మాటకూ నొక్కనక్కర్లేదు. నిశ్శబ్దం దాదాపు 0.3 సెకను ఉంటే మాట అయిపోయిందని అది అనుకుంటుంది, ముందూ వెనకా పావు సెకను వదిలి కోస్తుంది.

తెలుగుతో ఇబ్బంది ఇక్కడే. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి, చివరి ఉకారం చాలాసార్లు గొణుగుడే. ‘ఊరు’, ‘నీళ్లు’, ‘కాలు’ అన్నప్పుడు ఆ ఉ నిశ్శబ్దం గీత (ఇంతకన్నా తగ్గితే మాట ఆగిందని అది అనుకునే శబ్ద స్థాయి) కింద పడిపోయి తెగుతుంది, వింటే ‘ఊర్’ అని ఉంటుంది. సెట్టింగుల్లో ఆ గీతను కొంచెం తగ్గించండి, చివర వదిలే వ్యవధిని 0.4 దాకా పెంచండి. ‘అప్ప’, ‘మొగ్గ’ లాంటి ద్విత్వాలను మరీ సాగదీస్తే మధ్యలో వచ్చే మౌనాన్నే అంతం అనుకుని రెండు ముక్కలు చేస్తుంది. మామూలు వేగంతో పలికితే ఆ బెడద ఉండదు.

రెండోది రాగం. జాబితా చదువుతుంటే ప్రతి మాట చివరా గొంతు పైకి లేస్తుంది, ఎక్కాలు అప్పజెప్పినట్టు. దానికి మందు: మనసులో ‘ఇదేంటి?’ అని ఎవరో అడిగినట్టు అనుకుని జవాబుగా చెప్పండి. ‘కొరమీను.’ గొంతు దానంతటదే దిగుతుంది.

మూడోది వార్తలు చదివే గొంతు. మైకు కనబడగానే చాలామంది ఊళ్లో ఎప్పుడూ పలకని ఒత్తులు పలుకుతారు. వద్దు. ళ, ణ మీ నోట సహజంగా వస్తే రానివ్వండి. ‘కల’, ‘కళ’ వేరుగా పలికేవాళ్లు వేరుగా, కలిపేసేవాళ్లు కలిపేసి. మీ ఊరి పేరు పక్కనే ఉంటుంది కదా, వినేవాళ్లకు అది సమాచారమే.

గొంతు మరీ పెద్దదైతే తరంగం తల తెగి కరకరమంటుంది, ఆ రికార్డు పనికిరాదు. మైకును కాస్త జరిపి మళ్లీ చెప్పండి. కోడి కూసినా, లారీ హారను పడినా ఆగి, ఆ మాట మీద నొక్కి తిరిగి పలకండి.

విని, పంపడం

చివర అన్నీ వరసగా వినిపిస్తుంది. ఈ మెట్టు దాటవేయొద్దు. వైరు ఇయర్‌ఫోను పెట్టుకుని ప్రతి మాటకూ మూడు చూసుకోండి: మొదటి హల్లు ఉందా, చివరి అచ్చు ఉందా, పేరూ మాటా ఒకటేనా. బాగాలేనిది తీసేసి పబ్లిష్ నొక్కండి. వంద మాటలు సుమారు 10 నుంచి 20 ఎంబీ అవుతాయి, ఫోను హాట్‌స్పాట్‌తో కూడా వెళ్తాయి. పంపడం పూర్తయ్యే దాకా ట్యాబు మూయకండి.

ఫైలు పేరు అదే పెడుతుంది. అందులో తెలుగు భాషకు వికీడేటా ఇచ్చిన సంఖ్య క్యూ8097, భాష సంకేతం, మాట్లాడిన వ్యక్తి పేరు, మాట వరసగా ఉంటాయి. మార్చకండి. ఆ పేరు చూసే బాట్లు (తమంతట తామే పనిచేసే ప్రోగ్రాములు) ఫైలును గుర్తుపడతాయి.

కామన్స్‌కు చేరినంత మాత్రాన విక్షనరీ పేజీలో వినిపించదు. మాట పేజీ తెరిచి చూడండి. లేకపోతే ‘సవరించు’ నొక్కి, ఉచ్చారణ ఉండాల్సిన చోట రెండు చదరపు బ్రాకెట్ల మధ్య ‘దస్త్రం:’ అని రాసి, వెంటనే ఫైలు పూర్తి పేరు అతికించండి. ముందుగా ‘మునుజూపు’లో చూస్తే ప్లేయరు కనబడుతుంది. వికీడేటాలో ఆ మాటకు పదాంశం (లెక్సీమ్, అంటే ఆ మాట వివరాల పేజీ) ఉంటే దానికి కూడా ‘ఉచ్చారణ ఆడియో’ అనే లక్షణం, పీ443, కింద ఇదే ఫైలు తగిలించవచ్చు.

నెట్ లేని ఊళ్లో గానీ, ఫోను మాత్రమే ఉన్నప్పుడు గానీ

నెట్ లేకపోతే ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో మోనో, 44,100 హెర్ట్జ్ పెట్టి, మాటకూ మాటకూ రెండు సెకన్లు ఆగుతూ మొత్తం జాబితా ఒకేసారి చదివేయండి. మీటరు శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆడాలి. తర్వాత ‘లేబుల్ సౌండ్స్’ నడిపితే ప్రతి మాటకూ ఒక చీటీ వేస్తుంది. చీటీల్లో మాటలు టైపు చేసి, ‘లేబుళ్ల ప్రకారం విడి ఫైళ్లు’గా వేవ్ లేదా ఫ్లాక్‌లో ఎగుమతి చేయండి. ఎంపీ3 వద్దు, కామన్స్‌లో కొత్త వాడుకరులకు దాన్ని ఎక్కించే అనుమతి లేదు. నాయిస్ రిడక్షన్ జోలికీ పోకండి. హోరుతో పాటు స, శ కూడా అరిగి నీళ్లలో మాట్లాడినట్టు అవుతుంది. కామన్స్ అప్‌లోడ్ విజార్డు మామూలు ఖాతాకు ఒక్కసారికి 50 ఫైళ్లు తీసుకుంటుంది.

ఆండ్రాయిడ్ ఫోనులోనైతే తమిళ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు చేసిన స్పెల్‌ఫర్‌వికీ ఆప్ ఉంది, తెలుగుకూ పనిచేస్తుంది. ఒక్కో మాటా రికార్డు చేసి, విని, పంపాలి. నెమ్మది పని, కానీ పొలం గట్టు మీద తాత చెప్పిన నాలుగు మాటలు అప్పటికప్పుడు పట్టుకోవడానికి చాలు.

తప్పు దొర్లితే: అదే ప్రొఫైలుతో అదే మాటను మళ్లీ పలికి పంపితే పాత ఫైలు మీద కొత్త రూపం కూర్చుంటుంది. మాటే తప్పైతే కామన్స్‌లో ఆ ఫైలు పేజీకి వెళ్లి తొలగించమని అడగాలి. ఎక్కించిన ఏడు రోజుల్లోపు, ఇంకెక్కడా వాడకముందే, ఎక్కించినవాళ్లే అడిగితే చర్చ లేకుండా తీసేస్తారు. ఆ గడువు దాటితే చర్చకు వెళ్తుంది. కాబట్టి పంపిన రెండు రోజుల్లో ఒకసారి జాబితా మొత్తం మళ్లీ వినండి, వీలైతే మీ చెవితో కాకుండా ఇంట్లో ఇంకొకరి చెవితో.