కారు వేడెక్కుతోందా? ముందు ఎప్పుడు వేడెక్కుతోందో చూడండి

టెంపరేచర్ ముల్లు రోజూ ఉండే చోటు దాటి పైకి పాకుతుంటే ముందు ఏసీ ఆపండి. హీటర్‌ను ఫుల్ వేడిలో, బ్లోయర్‌ను ఫుల్ స్పీడులో పెట్టండి. మే నెలలో అది నరకమే. కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. అయినా ముల్లు దిగకపోతే, లేదా బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తుంటే, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని లాగిస్తే ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్ బెండవుతుంది. ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోయినా సంబరపడొద్దు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, మొత్తం కారిపోతే సెన్సార్‌కు తగిలేది గాలి మాత్రమే, అప్పుడు మీటరు అబద్ధం చెబుతుంది.

ఆపాక కనీసం 40 నిమిషాలు రేడియేటర్ మూత జోలికి పోవద్దు. లోపల సుమారు 1 బార్ ప్రెషర్ ఉంటుంది. సగం కూలెంట్, సగం నీళ్లు ఉన్న మిశ్రమం 120 డిగ్రీల దగ్గర కూడా మరగకుండా ఉండేది ఆ ప్రెషర్ వల్లే. మూత తిప్పారంటే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. రేడియేటర్ పై హోస్ పైపును గుడ్డతో పట్టుకుని నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకా ఆగాలి. మెత్తబడ్డాక మూత మీద మందపాటి గుడ్డ వేసి, మొదటి మెట్టు దాకా తిప్పి, ఆవిరి పోయాకే పూర్తిగా తీయాలి. కాలిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలొచ్చు.

కూలెంట్ తగ్గి ఉంటే లీకు వెతకండి. హోస్ చివర్లలో, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచుల్లో, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర ఆకుపచ్చ లేదా గులాబీ రంగు పొడి మరకలు కనిపిస్తాయి. సీటు ముందు కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కోర్, అంటే హీటర్‌లోని ఆ చిన్న రేడియేటర్, పోయినట్టే. లీకుకు పసుపు పోయడం పాత రోడ్డు చిట్కా. ఇల్లు చేరతారేమో గానీ, తర్వాత రేడియేటర్ సన్నటి ట్యూబులు కూడా పూడుకుపోతాయి.

కూలెంట్ సరిపడా ఉందా? అయితే అసలు ప్రశ్న ఇది: ఎక్కడ వేడెక్కుతోంది? అమీర్‌పేట ట్రాఫిక్‌లో ముల్లు లేచి, రోడ్డు ఖాళీ అవగానే దిగితే తప్పు ఫ్యాన్‌ది. అదే హైవేలో 80 మీద, తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కుతుంటే కూలెంట్ సరిగ్గా తిరగడం లేదు. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచే వాల్వు), పూడుకుపోయిన రేడియేటర్, వాటర్ పంపు, జారుతున్న బెల్టు, ఈ నాలుగూ చూడాలి.

ఫ్యాన్ పరీక్షకు పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ తిరుగుతుంది. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే సెన్సార్ లేదా దాని వైరింగ్ అనుమానించండి. అసలే తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్) చూడండి. పక్కనే అదే నంబరున్న రిలే ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు. అప్పటికీ తిరగకపోతే ఫ్యాన్ ప్లగ్గు ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరిగితే వైరింగ్ తప్పు, తిరగకపోతే మోటారు పోయింది. ఇంజిన్ ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్ హఠాత్తుగా మొదలవుతుంది, వేళ్లు జాగ్రత్త.

థర్మోస్టాట్‌ను స్టవ్ మీదే తేల్చుకోవచ్చు. విప్పి చూస్తే దాని మీద 82, 88 లాంటి అంకె ఉంటుంది. తీగకు కట్టి, అడుగుకు తగలకుండా గిన్నె నీళ్లలో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచండి. ఆ అంకె దగ్గర వాల్వు కదలడం మొదలవ్వాలి, నీళ్లు మరిగేసరికి బాగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి, రబ్బరు రింగు కూడా మార్చండి. ‘థర్మోస్టాట్ తీసి పారేద్దాం సార్’ అనే మెకానిక్ మాట వినొద్దు. మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ (కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండా తిరిగొచ్చే అడ్డదారి) మూసుకోక వేడి ఇంకా పెరుగుతుంది.

మన దగ్గర రేడియేటర్లను చంపేది ఎక్కువగా బోరు నీళ్లే. ట్యూబుల లోపల సున్నం గార కడుతుంది. ఇంజిన్ వేడిగా నడిపి ఆపాక, ఫ్యాన్ ప్లగ్గు తీసి, రేడియేటర్ మీద అరచేయి దగ్గరగా జరుపుతూ చూడండి. మధ్యలో చల్లటి మచ్చలు తగిలితే అక్కడ ట్యూబులు పూడిపోయాయి. ముందు వైపు ఏసీ కండెన్సర్‌కీ దీనికీ మధ్య ఇరుక్కున్న దుమ్మును, పురుగులను ఇంజిన్ వైపు నుంచి మామూలు పైపు నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ రెక్కల్ని వంచేస్తుంది.

లీకు ఎక్కడా లేదు, కూలెంట్ మాత్రం తగ్గుతూనే ఉందా? చల్లటి ఇంజిన్‌కు మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తుంటే, ఆయిల్ మూత కింద పాలమీగడలా ఉంటే, సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్డు కింద ఉండే సీలు, పోయింది. అది ఇంట్లో పని కాదు. హెడ్డు అడుగును వర్క్‌షాపులో ఫేసింగ్ (చదును) చేయించకుండా కొత్త గ్యాస్కెట్ ఒక్కటే వేసే చోట మాత్రం ఇవ్వొద్దు.

మళ్లీ నింపేటప్పుడు కాన్సంట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం, ప్రీమిక్స్ అయితే నీళ్లు కలపకుండా పోయండి. రంగు చూసి కొనకండి, రకం మాన్యువల్‌లో ఉంటుంది. బండి ముక్కు కాస్త ఎత్తులో ఉంచి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, మూత తీసి నెమ్మదిగా నింపండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లో బుడగలు ఆగేదాకా, మట్టం దిగినప్పుడల్లా పోస్తూ ఉండండి. మూత పెట్టి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాక ఇంజిన్ ఆపండి. మర్నాడు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూడండి. లోపల ఇరుక్కున్న గాలి వల్ల కాస్త దిగడం మామూలే, రోజూ దిగుతుంటే లీకు ఇంకా ఉంది.