పీనైల్ డాప్లర్: ఇంజెక్షన్ లేకుండా చేస్తే డబ్బు దండగ

పీనైల్ డాప్లర్ అంటే అంగంలోకి రక్తం ఎలా వస్తోందో, ఎలా నిలుస్తోందో చూసే అల్ట్రాసౌండ్ స్కాన్. అంగస్తంభన సమస్య ఉన్న ప్రతివాళ్లకీ ఇది అక్కర్లేదు. అంగస్తంభన మాత్రతో పని జరుగుతుంటే షుగరు, కొలెస్టరాల్, పొద్దున్నే తీసిన టెస్టోస్టెరాన్ చూపించుకుంటే చాలు. మాత్రలు పనిచేయనివాళ్లకీ, యాక్సిడెంట్‌లో కటి (పెల్విస్) ఎముకలు విరిగినవాళ్లకీ, అంగం వంకర తిరిగినవాళ్లకీ ఇది ఉపయోగం.

విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ స్కాన్ సెంటర్లకు కొదవలేదు. ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "అంగం గట్టిపడే ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారా?" ఊరికే చేస్తామంటే వద్దనేయండి. మెత్తగా ఉన్నప్పుడు రక్తనాళం ముడుచుకునే ఉంటుంది, ఆ అంకెలతో ఏదీ తేలదు. స్లాట్ పొద్దున్న పూటే తీసుకోండి.

పరగడుపున వెళ్లక్కర్లేదు. సిల్డెనాఫిల్, తడలాఫిల్ లాంటి అంగస్తంభన మాత్రలు చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, సికిల్ సెల్ జబ్బుందా అన్నవి ముందే చెప్పాలి. గుండె మందులు సొంతంగా ఆపొద్దు.

ఇన్సులిన్ సూది లాంటి సన్న సూదితో అంగం పక్క భాగంలో మందు ఎక్కిస్తారు. ఆల్‌ప్రోస్టాడిల్ అయితే సాధారణంగా 10 నుంచి 20 మైక్రోగ్రాములు, పాపావెరిన్ అయితే 30 నుంచి 60 మిల్లీగ్రాములు. అంగంలో రక్తం నిండే రెండు గొట్టాలకూ లోపల దారి ఉంటుంది కాబట్టి ఒకవైపు చాలు. ఆల్‌ప్రోస్టాడిల్‌కి కొందరికి సలపరింత వస్తుంది. తర్వాత అంగం మొదలు దగ్గర స్కాన్ ప్రోబ్ పెట్టి రెండు ధమనులనూ 5 నిమిషాలకోసారి, 20 నిమిషాలు దాటేదాకా కొలవాలి. 5 నిమిషాలకే ముగించేస్తే, ఆలస్యంగా స్పందించేవాళ్లకు లేని జబ్బు అంటగట్టినట్టే.

రిపోర్టులో పీఎస్‌వీ అంటే రక్తం ఉరికే గరిష్ఠ వేగం. సెకనుకు 35 సెంటీమీటర్లు దాటితే ధమని బాగున్నట్టు, 25 లోపుంటే రక్తం సరిగా రావట్లేదని. అలాంటప్పుడు గుండె డాక్టరునూ కలవాలి. ఇక్కడి నాళాలు గుండె నాళాలకంటే సన్నవి, పూడిక జాడ ముందు వీటిలోనే కనిపించొచ్చు. ఈడీవీ అంటే గుండె రెండు కొట్టుకోవడాల మధ్య మిగిలే రక్త వేగం. అది 5 దాటి ఉండిపోతే "వీనస్ లీక్", అంటే సిరలు మూతపడక రక్తం బయటికి జారిపోతోందని రాస్తారు.

ఈ మాట దగ్గరే ఎక్కువ పొరపాట్లు. తలుపు తోసుకుని ఎవరో ఒకరు వచ్చే గదిలో, చల్లటి ఏసీ కింద, భయపడుతూ పడుకున్న కుర్రాడికి అడ్రినలిన్ పెరిగి కండరం సడలదు, సిరలు మూతపడవు. మిషన్‌కి అదీ లీకే. గడియ పెట్టించి, కాసేపు ఒంటరిగా వదలమనండి. అప్పటికీ గట్టిపడకపోతే రెండో డోసు ఇచ్చి మళ్లీ కొలవాలి. ఏ మందు, ఎంత, అంగం ఎంత గట్టిపడింది అన్నవి రాయని రిపోర్టును నమ్మి ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు.

మెత్తబడేదాకా సెంటర్‌లోనే ఉండండి. తెనాలి, గుడివాడ నుంచి వచ్చినవాళ్లు వెంటనే బస్సెక్కొద్దు. 4 గంటలైనా తగ్గకపోతే సిగ్గుపడకుండా క్యాజువాలిటీకి వెళ్లాలి. సూదితో రక్తం తీసి, రక్తనాళాలు ముడుచుకునేలా చేసే ఫినైలెఫ్రిన్ మందు ఇచ్చి దింపుతారు. ఆలస్యమైతే లోపలి కండరం శాశ్వతంగా దెబ్బతింటుంది. పొద్దున్న స్లాట్ అన్నది అందుకే: 4 గంటలు గడిచినా యూరాలజిస్ట్ ఇంకా డ్యూటీలోనే దొరుకుతారు.