కిటెంగే ముక్కతో పాత షూస్‌కి కొత్త తొడుగు

నేను జాకెట్లు కుట్టేదాన్ని. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందు గదే నా షాపు. మా ఆడపడుచు వాళ్ళు టాంజానియాలో, దారెస్సలాంలో ఉంటారు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నయ్యగారు ఒక మడత నా చేతిలో పెట్టారు. ఆరు గజాలు అనగానే చీర అనుకున్నాను. విప్పితే మందంగా, గంజి పెట్టినట్టు పెళపెళలాడుతోంది. ఆవపువ్వు రంగు మీద నీలం చక్రాలు, ఒక్కోటి పుల్కా అంత. "చీర కాదు వదినా, కిటెంగే. అక్కడ దీంతో గౌన్లు, చొక్కాలు కుట్టించుకుంటారు" అంది మా ఆడపడుచు.

అమ్మాయికి లంగా, నాకో సంచీ కుట్టాక గజం గుడ్డ మిగిలింది. అమ్మాయి బెల్లీ షూస్ పైన రెక్సిన్ పొట్టులా రాలిపోతోంది, అడుగు మాత్రం గట్టిగా ఉంది. "కాళ్ళకి తొడుక్కునేదానికి ఇంత మంచి గుడ్డా?" అని అత్తయ్య అంటూనే ఉన్నారు. నేను కత్తెర పెట్టేశాను.

ఈ గుడ్డని ఆఫ్రికా ప్రింట్ అంటాం కానీ దీని మూలం జావా బాతిక్. ఆ మైనపు అద్దకాన్ని డచ్చివాళ్ళు మిషన్ల మీద తీయడం మొదలుపెట్టారు, అది పశ్చిమ ఆఫ్రికాలో పాతుకుపోయింది. హాలెండ్‌లో 1846లో మొదలైన వ్లిస్కో కంపెనీ ఇప్పటికీ ఈ గుడ్డ తయారుచేస్తోంది. నైజీరియాలో అంకారా అంటారు, తూర్పు వైపు కిటెంగే. అసలైన వ్యాక్స్ ప్రింట్‌లో అద్దకం రెండు వైపులా పడుతుంది కాబట్టి ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉంటుంది. కుట్టేవాళ్ళకి ఇది పెద్ద సుఖం. ఎడమ కాలికి కత్తిరించిన ముక్కని తిరగేస్తే కుడి కాలి ముక్క. వెనక వెలిసినట్టు తెల్లగా ఉంటే అది ఒక వైపే అద్దిన రకం, అప్పుడు తిప్పి కత్తిరించడం మర్చిపోకండి.

నా మొదటి జత పాడైంది. గుడ్డ ఉతకకుండా అంటించాను, అదీ మే నెలలో డాబా మీద కూర్చుని. చేత్తో సర్దేలోపే జిగురు ఆరిపోయి, పాల మీద మీగడలా ముడతలు. తర్వాత ఒక్క వాన తగిలిందో లేదో నూలు గుడ్డ కుంచించుకుపోయి అడుగు దగ్గర అంచులన్నీ పైకి లేచాయి. అందుకే ముందు గుడ్డని ఒక పూట నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. పని ఇంట్లో చేయండి, ఫ్యాన్ వద్దు.

షూ మీద దుమ్ము తుడిచి, రాలే రెక్సిన్ గీకేసి, గరుకు కాగితంతో రుద్దండి. నున్నటి తోలుకి ఇది మరీ ముఖ్యం, లేకపోతే జిగురు పట్టదు. అడుగు ఊడివుంటే ముందు చెప్పులు కుట్టేవాళ్ళకి ఇచ్చి బాగుచేయించండి. స్పోర్ట్స్ షూస్ జోలికి మాత్రం పోవద్దు, ఆ ఎత్తుపల్లాల మీద ఏ గుడ్డా సరిగా కూర్చోదు.

కొలత టేపుతో తీస్తే రాదు. పెయింట్ షాపులో దొరికే మాస్కింగ్ టేపు షూ అంతా అంటించి, బొటనవేలి నుంచి పైకి నడిమి గీత, మడమ వెనక ఒక గీత పెన్నుతో గీయండి. బ్లేడుతో మడమ గీత మీద కోసి ఒలిస్తే నారింజ తొక్కలా వచ్చేస్తుంది. దాన్ని గుడ్డ మీద పరిచి, చుట్టూ అర అంగుళం వదిలి కత్తిరించండి. పరిచేటప్పుడు క్రాస్‌గా, అంటే పోగులకి ఏటవాలుగా పరవండి. క్రాస్ గుడ్డ సాగుతుంది, వేళ్ళ దగ్గర వంపుకి ఒదుగుతుంది. చక్రం మధ్యభాగం సరిగ్గా నడిమి గీత మీదికి రావాలి. ఒక కాలికి చక్రం, ఇంకో కాలికి సగం చక్రం వచ్చిందంటే జత కాదు, రెండు వేరే షూస్ అన్నట్టే.

జిగురు రెండు రకాలు కావాలి. పైభాగమంతా ఫ్యాబ్రిక్ గ్లూ, అది సర్దుకోవడానికి టైమిస్తుంది. అడుగు అంచుకి చెప్పులు కుట్టేవాళ్ళు వాడే సొల్యూషన్. గవర్నర్‌పేటలో నా చెప్పులు కుట్టే పెద్దాయన చెప్పిన కిటుకు ఇది: "రెండు పక్కలా పల్చగా రాసి, వేలికి అంటకుండా జిగటగా ఉన్నప్పుడు నొక్కాలమ్మా. తడి మీద నొక్కితే జారుద్ది." ఒకసారి అంటిందంటే మళ్ళీ కదపలేం. ఎక్కువ రాస్తే గుడ్డ మీదికి మరకగా ఊరుతుంది. పొయ్యికి దూరంగా, కిటికీ తీసి రాయండి, తొందరగా నిప్పంటుకునే సరుకది.

ముందు బొటనవేలి దగ్గర అంటించి, అక్కణ్ణుంచి రెండు పక్కలా మడమ వైపు లాగుతూ వెళ్ళండి. జాకెట్ చంక కుట్టేవాళ్ళకి ఈ వంపులు కొత్త కాదు. పాదం దూర్చే అంచు లోపలికి వంగుతుంది కాబట్టి అక్కడ ఉత్తి గాట్లు చాలు, మడిచి లోపల అంటిస్తే విచ్చుకుంటాయి. వేళ్ళ ముందు అంచు బయటికి వంగుతుంది, అక్కడ గుడ్డ మిగులుతుంది. దాన్ని సన్నటి వీ ఆకారంలో కత్తిరించి తీసేసి, అంచుకి అంచు ఆనించాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే గుబ్బలా కనిపిస్తుంది. అలాంటి వీ కోతలు మూడు సరిపోతాయి, డాట్లు వేసినట్టే.

అడుగు దగ్గర మిగిలిన గుడ్డని వెంటనే కోయకండి. కోయాల్సిన గీత మీద ఫ్యాబ్రిక్ గ్లూ సన్నగా రాసి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున కొత్త బ్లేడు ఏటవాలుగా పట్టి కోస్తే పోగు ఊడదు. గుడ్డకీ అడుగుకీ మధ్య సందులోకి సొల్యూషన్‌ని టూత్‌పిక్‌తో దించండి.

కాన్వాస్ షూస్ అయితే లేసులు తీసేసి, గుడ్డ ఆరాక లోపలి నుంచి దబ్బనంతో కన్నాలు పొడవండి. లేసుల కింద ఉండే నాలికకి గుడ్డ విడిగా అంటించండి.

కిటెంగే దొరకకపోతే పెడన కలంకారీ బాగుంటుంది, పల్చన కాబట్టి కింద పాప్లిన్ లైనింగ్ వేయాలి. పాత మంగళగిరి చీర అంచు ఉంటే పాదం దూర్చే అంచుకి పైపింగ్‌లా వేయండి.

చివరికి ఫ్యాబ్రిక్ గ్లూలో సగం నీళ్ళు కలిపి బ్రష్‌తో రెండు పూతలు, మధ్యలో నాలుగు గంటలు నీడలో. ఇది దుమ్ముకే, వానకి కాదు. మురికైతే తడిగుడ్డతో తుడవండి, కొళాయి కింద పెట్టకండి. రెండు నెలలకి మా అమ్మాయి షూ చిటికెన వేలి దగ్గర కాస్త లేచింది. గుండుసూది మొనతో రెండు చుక్కల సొల్యూషన్ పెట్టి, బట్టల క్లిప్పు బిగించి వదిలేశాను.