విపత్తు వేళ సైన్యంతో సమన్వయం – 3వ పాఠం: అభ్యర్థన పత్రం రాయడం

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులని గత పాఠంలో చదివాం. సైన్యం పౌర యంత్రాంగానికి సాయంగా వస్తుందే గాని పాలనను చేతిలోకి తీసుకోదు. అలాగని జవాన్లు తహసీల్దారు ఆజ్ఞలోకీ రారు, తమ అధికారి మాట మీదే నడుస్తారు. అందుకే సైన్యం సాయం కోరుతూ మనం రాసే అభ్యర్థన పత్రంలోని ప్రతి వాక్యానికీ అంత విలువ.

"ఐదు పడవలు, నలభై మంది జవాన్లు కావలెను" అని రాయడం చాలామంది చేసే పొరపాటు. సాధనాన్ని ఎంచుకోవడం వారి విద్య, పనిని చెప్పడం మన బాధ్యత. ఏ ఊరిలో ఎందరు చిక్కుకున్నారు, వారిలో గర్భిణులు, మంచం పట్టినవారు ఎందరు, నీరు ఎంత లోతుంది, లారీ ఎక్కడిదాకా రాగలదు, ఎన్ని గంటల్లో పని ముగియాలి అన్నవి రాస్తే, పడవ కావాలో హెలికాప్టర్ కావాలో వారే తేలుస్తారు. కృష్ణా నదిలో పుట్టి (గుండ్రని బుట్ట పడవ) నడిపే స్థానిక జాలరి ఫోన్ నంబరు కూడా చేర్చండి. 2009 అక్టోబరు వరదల్లో అలంపూర్, రాజోలి మునిగినప్పటిలా వీధులే కాలువలైతే, నీటి కింద బావి ఎక్కడుందో, ప్రహరీ ఎక్కడుందో ఆ ఊరివారికే తెలుస్తుంది.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు సైన్యం, నౌకాదళం, ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం), సింగరేణి గని రక్షణ బృందాలు, లోహం కోసే రైల్వే సిబ్బంది అందరూ వచ్చారు. అంతమందీ ఒక్క సొరంగ మార్గంలోనే లోపలికి పోవాలి. అటువంటి చోట నీరు తోడడం, బురద తీయడం, ఇనుము కోయడం వీటిలో ఏది ముందో, ఆ పూట ఎవరిదో రాతలో లేకపోతే ఎంత నైపుణ్యమున్న బృందమైనా వాకిట్లో నిలబడవలసి వస్తుంది. ఆ ఎనిమిది కుటుంబాలను తలచుకుంటే ఈ పాఠాన్ని తేలికగా చెప్పలేను.

పత్రం సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వం ద్వారా వెళ్తుంది; ప్రాణాపాయం ముంచుకొచ్చినప్పుడు కలెక్టరు సమీప సైనిక కేంద్రాన్ని నేరుగా కోరవచ్చు.

అభ్యాసం: జూరాల ప్రాజెక్టు దిగువన ఒక ఊరి రైతువేదిక పైకప్పు మీద అరవై మంది ఉన్నారని, రోడ్డు రెండు చోట్ల తెగిందని, చీకటి పడడానికి మూడు గంటలే ఉందని అనుకోండి. పడవ, హెలికాప్టర్ అన్న మాటలు వాడకుండా పది వాక్యాల్లో అభ్యర్థన రాయండి. పని ముగిశాక సైన్యాన్ని ఎప్పుడు, ఎలా విడుదల చేయాలో తర్వాతి పాఠంలో చూద్దాం.