ఇంగ్లండ్‌లో ఆడటానికి వచ్చారా? లోన్‌కి ఒప్పుకునే ముందు ఇవి చూసుకోండి

ఇంగ్లండ్ క్లబ్‌తో ఒప్పందం కుదిరితే సగం పనే అయినట్టు. ఇక్కడ ఆడాలంటే ముందు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆమోదం రావాలి, ఆ తర్వాత ఇంటర్నేషనల్ స్పోర్ట్స్‌పర్సన్ వీసా తీసుకోవాలి. ఆ వీసాకి ఆధారం మీ క్లబ్ స్పాన్సర్‌షిప్. అందుకే క్లబ్ మిమ్మల్ని లోన్ మీద, అంటే కొంతకాలం వేరే క్లబ్‌కి ఆడటానికి, ఎక్కడికి పంపుతానన్నా, జీతం కంటే ముందు వీసా సంగతి అడగండి.

బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి యూరప్ ఆటగాళ్లకూ ఇవే నిబంధనలు. మీ జాతీయ జట్టు ఫిఫా ర్యాంకింగ్‌లో మొదటి 10లో ఉంటే, దాని మ్యాచ్‌ల్లో 30 శాతం ఆడినా ఆమోదం నేరుగా వస్తుంది. 31 నుంచి 50 మధ్య ఉంటే 70 శాతం ఆడి ఉండాలి. 50 దాటితే ఆ దారి లేదు. 2009లో భారత ఆటగాడు సునీల్ ఛెత్రీతో ఇంగ్లండ్ క్లబ్ క్యూపీఆర్ ఒప్పందం చేసుకున్నా వర్క్ పర్మిట్ రాలేదు. అప్పటి ర్యాంకింగ్ హద్దు 70, భారత్ దానికీ కిందే ఉంది. ఎంత బాధ అనిపించినా, ప్రతిభ ఒక్కటే సరిపోదని ముందే తెలుసుకోవడం మంచిది.

నేరుగా రానివాళ్లు 15 పాయింట్లు తెచ్చుకోవాలి. మీరు ఆడిన లీగ్ స్థాయి, మైదానంలో గడిపిన నిమిషాలు, జట్టు స్థానం, ఖండ స్థాయి టోర్నీలు లెక్కలోకి వస్తాయి. పెద్ద క్లబ్ బెంచీ మీద కూర్చుంటే నిమిషాలు రావు. పాయింట్లు చాలని వాళ్లని తీసుకోవడానికి 2023 నుంచి క్లబ్‌లకు కొన్ని ప్రత్యేక స్థానాలు ఇచ్చారు.

తల్లిదండ్రులకు ఒక మాట: 18 నిండని పిల్లల్ని ఆట కోసం విదేశం నుంచి ఇక్కడి క్లబ్‌లు చేర్చుకోలేవు. ఎవరైనా ఏజెంట్ "నేను చూసుకుంటా" అని డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇక లోన్. 2021లో ఇంగ్లండ్ క్లబ్ బ్రైటన్ కొన్న జపాన్ ఆటగాడు మితోమాకి వెంటనే పర్మిట్ దొరకలేదు. ఒక సీజన్ బెల్జియంలో యూనియన్ సెయింట్ జిల్వాజ్‌కి ఆడి, తర్వాత ఇంగ్లండ్ వచ్చాడు. లోన్ అంటే ఇలా ఉండాలి: ఎందుకు వెళుతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో తెలిసి ఉండాలి. ఫిఫా ప్రకారం ఒక లోన్ ఏడాదికి మించకూడదు, లోన్ మీద తీసుకున్న క్లబ్ మిమ్మల్ని మళ్లీ ఇంకొకరికి లోన్ ఇవ్వకూడదు. ఒక క్లబ్ ఆరుగురినే విదేశీ క్లబ్‌లకు పంపొచ్చు. కానీ ఆ క్లబ్‌లోనే శిక్షణ పొందిన 21 ఏళ్లలోపువాళ్లు ఈ లెక్కలోకి రారు. అంటే అలాంటి కుర్రాళ్లని ఎంతమందినైనా పంపొచ్చు. అందుకే మీ ఆటను ఎవరు గమనిస్తారు, ఎన్ని మ్యాచ్‌లు ఆడించే ఉద్దేశం ఉంది అని మొహమాటం లేకుండా అడగండి.

ఇంగ్లండ్‌లోనే మరో క్లబ్‌కి వెళితే మాతృ క్లబ్ స్పాన్సర్‌గా కొనసాగుతూ, పనిచేసే చోటు మారిందని వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్‌కి చెప్పాలి. చెప్పారో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. పరాయి దేశానికి వెళితే రెండు నష్టాలు ఉండొచ్చు. ఏ 12 నెలల్లోనైనా 180 రోజులకు మించి బయట ఉంటే స్థిర నివాస హక్కుకి లెక్కించే కాలం తెగుతుంది. హోమ్‌గ్రోన్ (ఇక్కడే తయారైన ఆటగాడు) అన్న గుర్తింపుకి 21 ఏళ్లలోపు ఇంగ్లండ్ లేదా వేల్స్ క్లబ్‌లో మూడు సీజన్లు నమోదై ఉండాలి, విదేశంలో ఆడిన కాలం దానికి కలవదు.

స్పాన్సర్‌షిప్ ఆగిపోతే సాధారణంగా 60 రోజులే గడువు. ఈ-వీసా (ఆన్‌లైన్ వీసా) ఖాతా లాగిన్ వివరాలు ఏజెంట్ దగ్గర కాదు, మీ దగ్గరే ఉంచుకోండి.