రోమా చక్రవర్తి కైసరును ఎదురుగా పెట్టుకుని సువార్తలు చదవడం ఎలా?

మా సంఘంలో యూత్‌కి బుధవారం బైబిల్ స్టడీ నేనే చెబుతాను. జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరైనదాన్ని, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? శ్రమల దినాలు రాగానే పిల్లలు తప్పకుండా అడుగుతారు: "మేడమ్, యేసయ్య రోమా వాళ్ల జోలికే పోలేదు కదా, వాళ్లెందుకు సిలువ వేశారు?" జవాబు నేను చెప్పను, చదివిస్తాను. ఎలాగంటే...

ముందు మార్కు తీయండి. మొదట ఉంది కదా అని మత్తయితో మొదలెట్టొద్దు. మార్కు పదహారే అధ్యాయాలు, కూర్చున్న పళాన అయిపోతుంది. క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టింది. కాస్త అటూ ఇటూగా ఆ రోజుల్లోనే ఈ సువార్త రాశారని ఎక్కువమంది పండితులు అంటారు.

చదివే ముందు, దేవుడు పంపుతాడని యూదులు ఎదురుచూసిన మెస్సీయ వస్తే ఏం చేస్తాడని అప్పటి జనం అనుకున్నారో తెలుసుకోవాలి. అందరిదీ ఒకే ఆశ కాదు. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే యెరూషలేమును పట్టుకున్నాక పుట్టిన కీర్తనలు కొన్ని సొలొమోను పేరిట ఉన్నాయి, మన బైబిల్లో ఉండవు. వాటిలో పదిహేడోది దావీదు వంశపు రాజు వచ్చి అన్యజనుల్ని పట్నంలోంచి వెళ్లగొట్టాలని వేడుకుంటుంది. క్రీ.పూ. 4లో, రోమా కింద ఏలిన హేరోదు రాజు పోయాక జనం తిరగబడితే, సిరియా గవర్నరు వారుస్ దాదాపు 2,000 మందిని సిలువ వేయించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. క్రీ.శ. 6లో జనసంఖ్య, పన్ను అనేసరికి గలిలయుడైన యూదా అనే నాయకుడు తిరుగుబాటుకు లేచాడు. ఇన్ని చూసిన రోమా చెవికి "యూదుల రాజు" అంటే రాజద్రోహం. సిలువ మీద రాసిన నేరం అదే.

ఇప్పుడు ఎనిమిదో అధ్యాయం. బైబిల్ వెనకున్న మ్యాపులో ఫిలిప్పుదైన కైసరయ వెతికించండి. ఉత్తరాన, యొర్దాను ఊటల దగ్గరుంటుంది. అక్కడ హేరోదు రోమా చక్రవర్తి ఔగుస్తుకు తెల్లరాతి గుడి కట్టించాడు, కొడుకు ఫిలిప్పు ఊరికి కైసరు పేరే పెట్టాడు. శిష్యుడు పేతురు యేసుతో "నీవు క్రీస్తువు", అంటే మెస్సీయవు, అన్నది ఆ ప్రాంతానికి పోయే దారిలో! వెంటనే ఎవరికీ చెప్పొద్దని యేసు ఆజ్ఞ, ఆపైన తాను శ్రమలు పడి చనిపోవాలన్న మాట. పేతురుకు మింగుడుపడలేదు. ఎలా పడుతుంది?

పన్నెండో అధ్యాయం దగ్గర తొందరపడకండి. తిబెరి కైసరు దేనారం నాణెం ఫొటోను నేను ఏ4 కాగితమంత ప్రింటు తీసి బల్ల మీద పెడతాను. అసలు నాణెం మన రూపాయి బిళ్ల కంటే చిన్నది, నాలుగు గ్రాములకు కాస్త తక్కువ వెండి. ఒకవైపు తిబెరి తల, చుట్టూ "దివ్యుడైన ఔగుస్తు కుమారుడు" అన్న రాత. రెండోవైపు కూర్చున్న స్త్రీ బొమ్మ, తిబెరికే ప్రధాన యాజకుడన్న బిరుదు. ఇప్పుడు వచనాలు చదివించండి. కైసరుకు పన్ను ఇవ్వొచ్చా అని అడిగితే యేసు నాణెం తెమ్మన్నాడు. ఇరికించడానికి వచ్చినవాళ్లే తెచ్చిచ్చారు, అదీ దేవాలయంలో. మా పిల్లలు ఇక్కడ నవ్వుతారు. నవ్వనివ్వండి. తర్వాత "దేవుని కుమారుడు" అని ఉన్నచోటల్లా పెన్సిలు గీత గీయిస్తూ పదిహేనో అధ్యాయానికి రండి. మార్కులో ఒక మనిషి నోరు తెరిచి ఆ మాట ఒప్పుకునేది అక్కడే, సిలువకు ఎదురుగా నిలబడ్డ రోమా శతాధిపతి. కైసరు జీతం తినేవాడు కైసరు బిరుదు తీసి సిలువ మీద ప్రాణం విడిచిన ఆయనకు ఇచ్చాడు. నన్నడిగితే మార్కు గుండెకాయ అదే.

మిగతా ముగ్గురినీ ఆ తర్వాతే ముట్టుకోండి. మార్కు 15, మత్తయి 27, లూకా 23, యోహాను 18, 19 జిరాక్సు తీసి పక్కపక్కన పరవండి. రోమా గవర్నరు పిలాతు భార్య కల, పిలాతు చేతులు కడుక్కోవడం మత్తయిలోనే ఉన్నాయి. లూకాలో ఆరోపణ విప్పి చెప్పారు: పన్ను ఇవ్వొద్దన్నాడు, రాజునన్నాడు. అయినా పిలాతు మూడుసార్లు నేరం కనబడలేదంటాడు. యోహానులో ప్రధాన యాజకులే "కైసరు తప్ప మాకు వేరొక రాజు లేడు" అంటారు. ఈ నాలుగూ కలిపేసి ఒకే కథ చేయొద్దు. మన గుడ్ ఫ్రైడే నాటకాల్లో జరిగేది అదే.

మార్కు తర్వాత వాళ్ల దగ్గరికొచ్చేసరికి పిలాతు మెత్తబడుతున్నాడు, గమనించారా? యూదు తత్వవేత్త ఫిలో, జోసీఫస్ రాతల్లో అతను కఠినుడు. సమరయుల మీద చేసిన దాడి వల్ల క్రీ.శ. 36లో పదవి పోయింది. రోమా చంపిన వ్యక్తే మెస్సీయ అని రోమా కిందే బతుకుతూ రాసేవాళ్లు గవర్నరును ఎంతవరకు తప్పుపట్టగలరు? ఆ నింద యూదుల నెత్తిన పడింది, దాన్ని సాకుగా చూపి శతాబ్దాలపాటు వాళ్లను హింసించారు. జనం ఆయన రక్తం మా మీద, మా పిల్లల మీద ఉండనీ అనే మత్తయి 27:25 చదివించినప్పుడు ఈ సంగతి చెప్పకుండా నేను ముందుకు కదలను.

మట్టల ఆదివారం భాగం, మార్కు 11, చివరికి ఉంచండి. పండగలకు గవర్నరు సముద్రం ఒడ్డున ఉన్న కైసరయ నుంచి సైన్యంతో యెరూషలేముకు వచ్చేవాడని చెప్పి, గాడిద పిల్ల మీద ఊరేగింపు చదివించండి. గోడ మీద కాపలా ఉన్న రోమా సైనికుడు పై అధికారికి ఏమని రిపోర్టు పంపుతాడో రాయమనండి. పోయినసారి ఒకమ్మాయి ఇలా రాసింది: "జనం ఉన్నారు, కొమ్మలున్నాయి, కత్తులు లేవు. దావీదు రాజ్యం అని అరుస్తున్నారు. కనిపెట్టి ఉండాలి."