కొత్త రచయితకు మైకు – 3వ పాఠం: మన పేరు పిలిచేదాకా

పోయిన పాఠంలో మీ పుస్తకంలోంచి ఒక పేరా ఎంచుకుని, గొంతెత్తి చదవమన్నాను. ఈ రోజు కూడా అది కావాలి, దగ్గర పెట్టుకోండి.

ఆవిష్కరణ సభల్లో ‘రచయిత స్పందన’ చివర్లో ఉంటుంది. అసలు కష్టం అక్కడే. అధ్యక్షులు, ముఖ్య అతిథి, వక్తలు అందరూ అయ్యేదాకా శాలువా కప్పుకుని కూర్చోవాలి. నెల్లూరులో నా మొదటి కథల పుస్తకం సభలో గంటన్నర అలాగే కూర్చున్నాను. నా పేరు పిలిచేసరికి నోరు పిడచకట్టుకుపోయింది. చేతిలో కాగితం వణకడం ముందు వరుసవాళ్లకి కనిపించింది. మాట్లాడేటప్పటికన్నా ఆ ఎదురుచూపులోనే భయం ఎక్కువ పెరుగుతుంది. అందుకే సాధన కుర్చీ దగ్గరే మొదలవ్వాలి.

టెన్షన్ పడితే ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండుతుంది, చేతులు వణుకుతాయి. ఇది చేతకానితనం కాదండీ, శరీరం తన పని తాను చేస్తోంది. గుండె మన మాట వినదు గానీ ఊపిరి వింటుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది. కాబట్టి 4 అంకెలు లెక్కపెడుతూ పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. ముక్కుతోనే, పక్కవారికి తెలియకుండా. మీ ముందు వక్త మాట్లాడుతుండగానే పదిసార్లు చేయండి. తర్వాత ఒక గుక్క నీళ్లు.

విడి కాగితం వద్దు, పుస్తకమే పట్టుకుని లేవండి. దానికి బరువుంటుంది, వణుకు అంతగా బయటపడదు. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉంటే చాలు.

వేదిక మీదున్న అందరి పేర్లూ వరసగా చదవాలని చాలామంది అనుకుంటారు. ఎవరి పేరు వదిలేస్తామోనన్న బెంగే సగం భయం. అందరికీ కలిపి ఒక్క నమస్కారం పెట్టి, నేరుగా ఆ పేరా చదవండి. నెలల తరబడి మీరు దిద్దుకున్న వాక్యాలవి, గొంతు వాటి మీద నిలదొక్కుకుంటుంది. ధన్యవాదాలు చివర్లో, పేర్లు చూసుకుంటూ చెప్పొచ్చు.

టంగుటూరి ప్రకాశం పంతులు గారు విద్యార్థిగా ఒంగోలులో నాటకాల్లో వేషాలు వేశారు. రాసి ఉన్న మాటల్ని జనం ముందు పలకడం ఆయనకు చిన్నప్పుడే అలవాటైంది. మనం ఆ అలవాటు ఇప్పుడు చేసుకుంటున్నాం.

ఈ వారం పని: ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి పావుగంట కబుర్లు చెప్పుకోమనండి. మీరు మాట్లాడకుండా ఊపిరి సాధన చేయండి. పేరు పిలవగానే లేచి నమస్కారం పెట్టి, పేరా చదవండి. వరసగా మూడు రోజులు. గొంతు తడబడిన వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీయండి. వచ్చే పాఠం ఆ గీత దగ్గర మొదలుపెడదాం.